ఒంటి రెక్క పడవ

2005 జూన్ 14, మంగళవారం

ఇవాళ పవన్‌కుమార్ గారు నా టేబుల్ మీద ఒక డ్రాయింగ్ పడేసి, నుస్రత్ గారూ, మీరు డిప్లొమా చేశారుగా, ఇది పడవో ఏమిటో మీరే తేల్చండి అన్నారు. ఆయన మా డైరెక్టర్. పదకొండేళ్ళుగా ఈ సంస్థలో నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. చేతిపంపులు వేయించాను, తుఫాను షెల్టర్లు కట్టించాను, మరుగుదొడ్లకి కొలతలు తీశాను. అయినా ఆయనకి నా గురించి గుర్తుండేది ఆ డిప్లొమా ఒక్కటే. అదీ ఎగతాళికి.

సునామీ ఫండ్స్ ఇంకా మిగిలాయట. నాగాయలంక అవతల లంకపాలెం వాళ్ళకి ఇరవై పడవలు ఇవ్వాలట. ఇంజన్ పడవలిస్తే డీజిల్ ఎవరు పోస్తారని ఫండింగ్ వాళ్ళు ఈ తెరచాప పడవ డ్రాయింగ్ పంపారు. దీన్ని ప్రోవా అంటారట. ముందు ఒకటి కట్టి చూడాలి. మంచిచెడ్డలు బేరీజు వేసి నేను సంతకం పెడితే మిగతా పంతొమ్మిదీ కడతారు. పెట్టకపోతే ఫండ్ వెనక్కి పోతుంది. కాబట్టి బేరీజు వేయమనడంలో అర్థం ఏమిటో నాకు బాగానే తెలుసు.

జూన్ 17

మూడు రోజులుగా డ్రాయింగ్‌తోనే ఉన్నాను. ఒప్పుకోవాలంటే ఒళ్ళు మండుతోంది గానీ, బాగుంది.

సన్నటి పొడుగు పడవ. దానికి ఒక పక్కన మాత్రం, రెండు వాసాల చివర, ఒక బుల్లి పడవ. రెండో పక్కన ఏమీ లేదు. ఒంటి రెక్క పిట్టలా ఉంది. ఆ రెక్క ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి. తెరచాపని గాలి తోస్తుంటే పడవ ఒరిగిపోకుండా అది తన బరువుతో పట్టి ఉంచుతుంది.

మరి తిరిగొచ్చేటప్పుడు గాలి రెండో పక్కకి మారుతుంది కదా? తమాషా అంతా అక్కడే ఉంది. ఈ పడవ తిరగదు. తెరచాప అడుగుని ఈ కొస నుంచి ఆ కొసకి మోసుకుపోతారు. చుక్కాని పట్టే మనిషి ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చి కూర్చుంటాడు. ఇందాకటి ముందు ఇప్పుడు వెనక. బండి తిప్పకుండా ఎడ్లని విప్పి రెండో వైపు కట్టినట్టు.

కలప సగం చాలు. ఇద్దరు మనుషులు ఇసుకలో లాక్కుపోగలరు. మోకాలి లోతు నీళ్ళు కూడా అక్కర్లేదు, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర మేటలు వేసిన చోట మనవాళ్ళకి కావలసింది అదే. వేగం చెప్పక్కర్లేదు. ఇక చెడ్డ సంగతి. వల రెక్క లేని వైపు నుంచే లాగాలి. చేపలకి చోటు తక్కువ. వాసాల కట్లు వదులయ్యాయేమో రోజూ చూసుకోవాలి. అన్నిటికన్నా పెద్దది, గాలి తప్పు వైపు నుంచి కొడితే, అంటే రెక్క లేని వైపు నుంచి కొడితే, తెరచాప వెళ్ళి దాన్ని నిలబెట్టిన కొయ్యకి అతుక్కుపోతుంది. దించడానికి రాదు. రెక్క నీళ్ళలోకి దిగబడుతుంది. పడవ బోల్తా.

ఈ చివరిది ఎర్ర పెన్నుతో రాశాను. దాని పక్కనే నీలం పెన్నుతో, నేర్పిస్తే ప్రమాదం లేదు అని రాశాను. రెండూ నిజమే.

జూన్ 19, ఆదివారం

డ్రాయింగ్ తీసుకుని ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికి వెళ్ళాను. ముస్తఫా మామూ అమ్మీకి అన్న. నలభై ఏళ్ళుగా రేవులో ఇసుక పడవలు, దాటింపు పడవలు కడుతున్నాడు. ఇప్పుడు ఎవరూ కొత్తవి కట్టించడం లేదు. పాతవాటికి చిల్లులు పూడ్చుకుంటూ బతుకుతున్నాడు.

కాగితం ఒకసారి చూశాడు. తిప్పి మళ్ళీ చూశాడు. ఎటు తిప్పినా ఒకటేలా ఉందేమిటి బేటీ, దీనికి ముందేది వెనకేది అన్నాడు. రెండూ ముందే, రెండూ వెనకే అన్నాను. నవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, దీన్ని గీసినోడు పిచ్చోడన్నా అయ్యుండాలి, మహా తెలివైనోడన్నా అయ్యుండాలి, నేను కడతా అన్నాడు.

ఆయన ముఖం అలా వెలగడం చూసి చాలా ఏళ్ళయింది. పవన్‌కుమార్ గారికి వేరే మేస్త్రీ ఎవరో ఉన్నారట. ఉంటే ఉండనీ. మామూయే కట్టాలని గట్టిగా చెప్పాను.

ఆగస్టు 28

వాసాల దగ్గర మేకు వద్దు, కొబ్బరి తాడుతో కడితేనే అలకి సర్దుకుంటుందని మామూ. డ్రాయింగ్‌లో బోల్టులున్నాయని నేను. గంటసేపు పోట్లాడుకున్నాం. ఆయన చెప్పిందే సరి.

అక్టోబర్ 16, ఆదివారం, సాయంత్రం

తేలింది! పరిగెత్తింది!

బరాజ్‌కి పైన నీళ్ళు నిండుగా ఉన్నాయి, గాలి కూడా బాగుంది. లంకపాలెం నుంచి మత్స్యకారుల సొసైటీ వాళ్ళు బసవయ్యని పంపారు. మొదటి పడవ ఆయనకే. నలభై దాటి ఉంటాయి, పొడుగ్గా ఎండిన తాటిమట్టలా ఉన్నాడు. మాట తక్కువ. తోడుగా సొలొమోను వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే పడవలో వేటకి పోతారట. బసవయ్య పడవ చుట్టూ తిరిగి, వాసాల కట్లు లాగి చూసి, తాడు కట్టినాయన ఎవరండీ అని అడిగాడు. మామూ తానేనన్నాడు. అంతే, ఇద్దరూ కలిసిపోయారు. ఇంజనీరుని నేనన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

కొసలు మార్చడం బసవయ్యకి గంటలో వచ్చేసింది. సొలొమోను తెరచాప మోసుకుని పరుగు, బసవయ్య చుక్కాని చంకలో పెట్టుకుని ఇటు పరుగు. కూర్చుని, కొస మీద రెండు కాళ్ళూ తన్నిపెట్టి, చుక్కాని దించుతాడు. పదిసార్లు మార్చాడు. పదకొండోసారి నన్నెక్కించుకున్నారు. నేను లేవకూడని చోట లేచి నదిలో పడ్డాను. రెండు గుక్కలు మింగాను కూడా. రంజాన్ ఉపవాసం, రోజా పోయిందేమో అని ఒడ్డున వణుకుతూ ఏడుపు మొహం పెడితే, కావాలని తాగలేదుగా, పోలేదులే అని మామూ ఒకటే నవ్వు. సంస్థలో చేరాక ఇంత సంతోషంగా ఏ రోజూ ఇంటికి రాలేదు.

నవంబర్ 9

నోట్ టైప్ చేసి ఇచ్చాను. పద్నాలుగు పేజీలు. ఎర్ర పెన్ను వాక్యం ఉంది, నీలం పెన్ను వాక్యమూ ఉంది. చివర రికమెండెడ్ అని రాసి సంతకం పెట్టాను. ఎవరి బలవంతమూ లేదు. పడవ మంచిది. పవన్‌కుమార్ గారు చివరి పేజీ ఒక్కటే చదివారు.

డిసెంబర్ 11

పడవ లారీ మీద చల్లపల్లి మీదుగా నాగాయలంక చేరింది. దారి పొడుగునా జనం నిలబడి చూశారట. అక్కడి నుంచి నీళ్ళ మీద లంకపాలెం. నేను బస్సులో వెళ్ళి కలిశాను.

బసవయ్య భార్య సంపూర్ణమ్మని మొదటిసారి చూశాను. నోరున్న మనిషి. పడవ చూడగానే, ఇదేందమ్మా సగమే కట్టారు, మిగతా సగం బెజవాడలో మర్చిపోయారా అంది. అందరూ నవ్వారు. తర్వాత నా పక్కన నిలబడి మెల్లిగా, దీనికి ముఖం ఎటమ్మా అని అడిగింది. రెండు వైపులా ముఖమే అన్నాను. అట్టా అంటే ఎట్టాగమ్మా, గంగమ్మకి బొట్టెక్కడ పెట్టేది అంది. మీ ఇష్టమండీ, ఎటైనా ఒకటే అన్నాను.

ప్రశ్న అడిగినప్పుడు సగం వినే అలవాటు నాది. ఆఖరి బస్సు దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను.

2006 జనవరి 29, ఆదివారం

పంపిణీ సభ. ఒక్క పడవకి అయిదు ఫ్లెక్సీలు. హైదరాబాద్ నుంచి అతిథి ఒకాయన, ఫండింగ్ వాళ్ళ మనిషి ఒకామె. ఎండ ఎటు పడుతుందో చూసుకుని పవన్‌కుమార్ గారు పడమటి కొస దగ్గర ఫొటో అన్నారు. ఫ్లెక్సీ అక్కడ కట్టారు. కాబట్టి సంపూర్ణమ్మ కూడా పసుపు అక్కడే రాసింది. అరచేయంత కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు చెరిగిపోతుందని సైన్‌బోర్డు పెయింటర్ చేత దాని మీదే ఎర్ర రంగుతో వేయించారు, రెండు పక్కలా కళ్ళు కూడా. కొబ్బరికాయ కొట్టారు. అందరూ ఆ కొసని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. బసవయ్య తలపాగా తీసి తల ఆనించాడు.

అప్పుడు మామూ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. రెండో కొసకి కూడా బొట్టు పెట్టమని చెప్పు అన్నాడు. ఎందుకన్నాను. బొట్టు పెట్టిన చోట వీళ్ళు కాలు పెట్టరు బేటీ, నలభై ఏళ్ళుగా చూస్తున్నా, వచ్చేటప్పుడు ఆ కొసన కూర్చోవాల్సింది అతనే గదా అన్నాడు. రెండిటికీ పెడితే ఎట్లా కూర్చోవాలో వాళ్ళే దారి చూసుకుంటారు, అమ్మవారికి ఒక మాట చెప్పుకుని పీట వేసుకుంటారో ఏమో, అసలు సంగతి ముందు మాట్లాడుకోవడం అన్నాడు.

అయితే నువ్వే చెప్పు అన్నాను. నేను పడవ కట్టిన సాయిబుని, నువ్వు ఆఫీసరువి అన్నాడు.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇక్కడైనా నిజం రాసుకోవాలి. రెండేళ్ళ కిందట ఒక షెల్టర్ ప్రారంభంలో, పెయింట్ డబ్బాల పక్కన హారతి వెలిగించకండి అన్నాను. అంతే అన్నాను. సాయిబుల ఆవిడ మా పూజకి అడ్డం పడిందని ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. పవన్‌కుమార్ గారు నన్ను కూర్చోబెట్టి సెన్సిటివ్‌గా ఉండటం గురించి గంటసేపు చెప్పారు. అప్పటి నుంచి పూజ మొదలైతే నేను చెప్పుల దగ్గర నిలబడతాను. వాళ్ళ దేవత, వాళ్ళ బొట్టు, మనకెందుకు అని మామూతో అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి వెళ్ళి, సభకి కుర్చీలు తెచ్చిన లారీ ఎక్కి కూర్చున్నాడు.

ఫొటోలు బాగా వచ్చాయట.

ఫిబ్రవరి 3

నాగాయలంక నుంచి బసవయ్య ఫోన్. రెండుసార్లు వేటకి పోయొచ్చారట. బ్రహ్మాండంగా పోతందండీ, వచ్చేటప్పుడే తిరగడానికి కొంచెం మొరాయిస్తంది అన్నాడు. సరే, సోమవారం వచ్చి చూస్తానన్నాను.

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఈ పడవని తిప్పక్కర్లేదు కదా?

ఫిబ్రవరి 6, సోమవారం

ఫండింగ్ ఆమెకి షెల్టర్లు చూపించాలి, కారులో మీరుండాలి అన్నారు పవన్‌కుమార్ గారు. వెళ్ళలేకపోయాను. వెళ్ళలేకపోయాను అని రాశాను. వెళ్ళలేదు.

ఫిబ్రవరి 8, ఉదయం 11

బసవయ్య పోయాడు.

ఫిబ్రవరి 9

లంకపాలెం వెళ్ళొచ్చాను. సొలొమోను బతికాడు. బోల్తాపడ్డ పడవని పట్టుకుని మూడు గంటలున్నాడు, మరబోటు వాళ్ళు చూసి తీసుకొచ్చారు. భుజం మీద కట్టు. నన్ను చూసి లేచి నిలబడబోయాడు. నాకెందుకయ్యా ఆ మర్యాద?

మొన్న పొద్దున వెళ్ళేటప్పుడు రెక్క గాలి వైపే ఉంది. పడవ బాణంలా పోయింది. వచ్చేటప్పుడు కొసలు మార్చాలి. మారిస్తే బొట్టున్న కొస వెనక్కి వస్తుంది, బసవయ్య దాని మీద కూర్చుని కాళ్ళు తన్నిపెట్టాలి. అతను మార్చలేదు. మొదటి రెండు వేటల్లోనూ మార్చలేదట. మామూలు పడవని తిప్పినట్టే తిప్పి, గాలి తక్కువుంది కాబట్టి ఎలాగో తెచ్చాడు. ఇంజనీరమ్మకి ఫోన్ చేసి మొరాయిస్తందని చెప్పింది దాన్నే. మొన్న గాలి పెరిగింది. పడవ తిరగ్గానే తెరచాప కొయ్యకి అతుక్కుపోయింది. రెక్క దిగబడింది. నా ఎర్ర పెన్ను వాక్యం అక్షరం పొల్లుపోకుండా జరిగింది. కొయ్య విరిగి బసవయ్య తలకి తగిలింది.

సొలొమోను చెప్పిన ఇంకో మాట నన్ను వదలడం లేదు. అతను చర్చికి పోయే మనిషి. నాకు పట్టింపు లేదుగా, ఆ కొసన నేను కూర్చుంటా, నా కాలు పెడతా, నువ్వు చాప మొయ్యి అన్నాడట. బసవయ్య వద్దన్నాడట. నీ కాలైతే ఏందిరా, పెట్టేది అమ్మ ముఖం మీదే గదా అన్నాడట.

సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయినట్టుంది. నా చెయ్యి పట్టుకుని, ఆయన చేసిన తప్పేందమ్మా, నువ్వు చదువుకున్నదానివి, చెప్పు అంది. ఆయన తప్పేం లేదు, పడవదే తప్పు అన్నాను. చెడ్డ పడవ అన్నాను. ఆ మాట వింటే ఆమెకి కొంచెం ఊరటగా ఉంటుందనిపించింది. ఆమెకేనా?

ఫిబ్రవరి 15

ప్రమాదం మీద రిపోర్టు. పవన్‌కుమార్ గారే ఇంగ్లీషులో రాసి తెచ్చారు. డిజైన్ లోపం లేదట. లబ్ధిదారుడు మూఢనమ్మకం వల్ల సూచనలు పాటించలేదట. యూజర్ ఎర్రర్. మిగతా పంతొమ్మిది పడవలూ యథావిధిగా కట్టవచ్చట. టెక్నికల్ ఆఫీసర్ సంతకం కావాలి.

మూఢనమ్మకం అన్న మాట చూసి కోపం వచ్చింది. ఫొటో కోసం ఆ కొస ఎంచింది ఎవరండీ అని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆయన నన్నూ ఒకటి అడుగుతారు. తెలిసి కూడా మీరెందుకు చెప్పలేదు అంటారు. రిపోర్టులో ఒక్క అక్షరమూ అబద్ధం లేదు, నా పేరూ లేదు. సంతకం పెట్టాను.

ఆరు రోజుల తేడాలో నేను చెప్పినవి రెండు. పాలెంలో పడవ తప్పు. ఆఫీసులో మనిషి తప్పు. రెండు చోట్లా నేను ఎంత శుభ్రంగా బయటపడ్డానో!

మార్చి 2

లంకపాలెం వాళ్ళు పడవలు వద్దంటున్నారు. అది చెడ్డ పడవని మీ మేడమే చెప్పింది అంటున్నారట. పవన్‌కుమార్ గారు తలుపు వేసి అడిగారు, మీరన్నారా అని. అనలేదు అన్నాను. మొహంలోకి చూసి చెప్పాను. నమ్మారు. నేను అబద్ధం ఆడతానని ఆయన ఊహించలేరు, అంత తెలివి నాకుందని ఆయన అనుకోరు.

మార్చి 5, ఆదివారం

మామూ వించిపేటలో మా ఇంటికొచ్చాడు. అమ్మీ ఇచ్చిన టీ ముట్టుకోలేదు. ఫెర్రీలో కూడా ఆ మాటే తిరుగుతోందట, ముస్తఫా కట్టిన పడవ మనిషిని తిన్నదని. ఇసుక పడవల వాళ్ళు మరమ్మతుకి వేరే మనిషిని చూసుకుంటున్నారట. చెడ్డ పడవ అని నువ్వు అన్నావా బేటీ అని అడిగాడు.

ఆయనకి అబద్ధం చెప్పలేకపోయాను. అన్నాను అన్నాను.

ఆయన తిట్టలేదు. పడవ ఎలాంటిదో నీకు తెలుసు, నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు అన్నాడు. ఈ నిందలోంచి నన్నెందుకు బయట పడెయ్యలేదు, బొట్టు సంగతి నేను చెప్పానని ఒక్కరికైనా ఎందుకు చెప్పలేదు అన్నాడు. అది చెబితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది కదా మామూ. ఆ మాట పైకి అనలేదు. ఆయనకి తెలుసు. లేచి వెళ్ళిపోయాడు. అమ్మీ నన్ను కారణం అడగలేదు. రెండు పూటలా అన్నం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ నేనేదో అవమానపడ్డ మనిషినని, నన్ను మాట్లాడనివ్వలేదని, ఉత్తరం రాశారని, ఇలా లెక్కలేనన్ని చెప్పుకున్నాను. లంకపాలెంలో నన్నెవరూ ఏమీ అనలేదు. ఉత్తరం రాసింది వేరే ఊరు. ఒకళ్ళ మీది కసి ఇంకొకళ్ళ మీద పెట్టుకుని నోరు మూసుకున్నాను. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

మార్చి 10

పవన్‌కుమార్ గారికి నాలుగు పేజీల కాగితం ఇచ్చాను. పడవ మంచిది, బసవయ్య మూఢుడు కాడు, ప్రమాదం ముందే తెలిసిన మనిషి నేను అని రాశాను. చదివి డ్రాయర్‌లో పెట్టుకున్నారు. సెలవు మీద వెళ్ళండి, మీరు డిస్టర్బ్ అయ్యారు అన్నారు.

మార్చి 12, ఆదివారం

లంకపాలెం. సంపూర్ణమ్మకి అంతా చెప్పాను. పడవ మంచిదేనని. మామూ నన్ను చెప్పమన్నాడని. మీ పూజలో నేను మాట్లాడితే మీకు కోపం వస్తుందనుకున్నానని.

ఆమె తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది.

చెప్పొద్దా అమ్మా, ఆ చివరకి గూడా పెట్టేదాన్ని గదా, కుంకం నా చేతిలోనే ఉండె, అంది.